చెరసాల చూచిన తొలి తెలుగు సంపాదకుడు: గాడిచర్ల హరిసర్వోత్తమరావు

మన సభ వార్షికోత్సవాలలో కందుకూరి వీరేశలింగం పంతులుగారి పేరు వినిపిస్తుంది. అల్లూరి సీతారామరాజు వేషం వేయని బాలుడు లేడు. ప్రకాశం పంతులుగారిని తలవని సంవత్సరం ఉండదు. అయితే గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారి పేరు మాత్రం మన వేదికల మీద వినబడటం అరుదు. ఆ పేరు పొడుగని భయమో, ఆయన చేసిన పనిలో తుపాకులూ గుర్రాలూ లేవనో మరి. పత్రికలో ఒక వ్యాసం ప్రకటించినందుకు రాజద్రోహ నేరం మోపబడి, మూడేళ్ళు కారాగారంలో గడిపిన తొలి తెలుగు సంపాదకుడాయన. ఆంధ్ర తిలక్ అని ఆ తరంవారు పిలుచుకున్నారు.

ఆయన 1883 సెప్టెంబరు 14వ తేదీన కర్నూలులో జన్మించారు. తండ్రి వెంకటరావుగారు, తల్లి భాగీరథీబాయి. పూర్వుల ఊరు కడప జిల్లాలోని సింహాద్రిపురం. ఇంట్లో కటిక పేదరికం. కర్నూలు, గుత్తి, నంద్యాల ఊళ్ళలో చదువు సాగింది. సీమలో పుట్టిన పేద పిల్లవాడికి ఆ రోజులలో మదరాసు వెళ్ళి పట్టం పుచ్చుకోవడం సామాన్యమైన సంగతి కాదు. 1906లో ఆయన మదరాసులో ఎం.ఏ. పూర్తి చేశారు. అటు తర్వాత ఉపాధ్యాయ శిక్షణకై రాజమహేంద్రవరం ట్రెయినింగు కళాశాలలో చేరారు. శిక్షణ ముగిస్తే సర్కారు కొలువు, నెల జీతం, చివరికి పింఛను. ఆ కుటుంబానికి కావలసింది అదే.

అది 1907వ సంవత్సరం. బెంగాలును కర్జన్ ప్రభువు రెండు ముక్కలు చేసి రెండేళ్ళు కావస్తున్నది. స్వదేశీ, విదేశీ వస్తు బహిష్కారం, వందేమాతరం అనే మూడు మాటలు దేశమంతటా మారుమ్రోగుతున్నవి. ఆ యేటి ఏప్రిల్ నెలలో బిపినచంద్రపాల్ గారు తెలుగు దేశంలో పర్యటిస్తూ రాజమహేంద్రవరం వచ్చి కొన్ని రోజులపాటు ఉపన్యాసాలిచ్చారు. ఆయన ఇంగ్లీషులో మాట్లాడితే చిలకమర్తి లక్ష్మీనరసింహంగారు తెలుగు చేసి వినిపించేవారు. భారతదేశాన్ని పాడియావుతో పోల్చిన చిలకమర్తివారి పద్యం ఆ సభలలో పుట్టిందే; మన పెద్దలలో కొందరికి అది నేటికీ కంఠస్థం. ట్రెయినింగు కళాశాల విద్యార్థులు ఛాతీపై వందేమాతరం పతకాలు పెట్టుకుని తరగతులకు వచ్చారు. ప్రిన్సిపాలు మార్క్ హంటరు దొర అది సహించలేదు. తగవు ముదిరింది. విద్యార్థులకు నాయకుడుగా కనబడిన హరిసర్వోత్తమరావును కళాశాలనుంచి బహిష్కరించడమేగాక, ఎక్కడా ప్రభుత్వోద్యోగం ఇవ్వరాదని కూడా ఉత్తర్వు చేశారు.

ఇరవైమూడేళ్ళ యువకుడు. ఎం.ఏ. పట్టం ఉన్నది, కొలువు లేదు, ఇక రాదు. అయితే అప్పటికే ఆయన చేతిలో కలం ఉన్నది. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు మిత్రులతో కలసి 1906లో హైదరాబాదున స్థాపించిన విజ్ఞాన చంద్రికా మండలి మొదటి ప్రచురణ అబ్రహాము లింకను చరిత్ర. 1907లో వెలువడిన ఆ పుస్తకం వ్రాసినది గాడిచర్లవారే. అమెరికాలో నీగ్రో బానిసల సంకెళ్ళు తెంచిన మనిషి కథ తెలుగువారికి తెలుగులో చెప్పాలని ఒక విద్యార్థికి తోచడం, ఆ పుస్తకంతోనే ఆ మండలి ఆరంభం కావడం నాకు ఎప్పుడూ అబ్బురంగానే ఉంటుంది. 1860లో ట్రూరో ఓడ ఎక్కి మదరాసు రేవు వదలి డర్బను చేరిన కూలి జనంలో మనవారూ ఉన్నారు. ఒప్పందపు కూలితనం బానిసత్వం కాదని కాగితాలు చెప్పేవి. చెరకు తోటలలోని బ్రతుకు మాత్రం వేరు సంగతి చెప్పేది. లింకను కథ తెలుగులో చదివిన తొలి పాఠకులకు ఆ తేడా మన తాతల గుండా తెలిసి ఉంటే బాగుండేది. కాని మన తోటలకు ఆ పుస్తకాలు వచ్చే దారి లేకపోయింది.

1908 మొదట్లో ఆయన బెజవాడలో స్వరాజ్ అనే తెలుగు వారపత్రికను ఆరంభించారు. పత్రికను వెలువరించే బాధ్యత బోడి నారాయణరావుగారిది, సంపాదకత్వం గాడిచర్లవారిది. ఇక్కడ ఒక మాట చెప్పాలి. స్వరాజ్, స్వరాజ్య అనే పేర్లు ఆ కాలంలో చాలా పత్రికలు పెట్టుకున్నవి. అలహాబాదులో స్వరాజ్య అనే ఉర్దూ పత్రిక ఉండేది. దాని సంపాదకులు ఒకరి వెనుక ఒకరు జైలుకు పోయారు, కొందరు అండమానుకు కూడా పోయారు. 1921లో ప్రకాశంగారు మదరాసులో పెట్టిన ఇంగ్లీషు దినపత్రిక పేరూ స్వరాజ్యే. గాడిచర్లవారి బెజవాడ స్వరాజ్ వీటికంటె వేరు, వయస్సు కొద్ది నెలలే.

తెలుగులో అప్పటికి పత్రికలు లేకపోలేదు. బందరులో కృష్ణాపత్రిక 1902నుంచీ ఉన్నది. ముట్నూరి కృష్ణారావుగారు దాని సంపాదకత్వం స్వీకరించి కొంతకాలమే అయింది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి ఆంధ్రపత్రిక అదే 1908లో బొంబాయినుంచి వారపత్రికగా మొదలయింది. కాని సర్కారును ముఖం మీద నిలవేసి అడిగే గొంతు వినబడింది స్వరాజ్ లోనే.

మరి ఆ పత్రికలను అందరికంటె శ్రద్ధగా చదివేవారు ఎవరనుకున్నారు? చందాదారులు కారు, దొరతనంవారు. దేశభాషా పత్రికలన్నిటినీ తెప్పించి, ముఖ్యమైన భాగాలను ఇంగ్లీషులోకి అనువదింపజేసి, గోప్యమైన నివేదికగా అచ్చు వేసి పై అధికారులకు పంపే ఏర్పాటు మదరాసు ప్రభుత్వానికి ఉండేది. సర్కారుకు జీతగాళ్ళయిన అనువాదకులు ప్రతి పత్రికనూ గాలించేవారు. తమాషా ఏమంటే, ఆనాటి చిన్న పత్రికలు ఎన్నో నేడు చేతికి దొరకవు. వాటిలో ఏమున్నదో తెలుసుకోవాలంటే చరిత్రకారులు ఆ గోప్య నివేదికలనే ఆశ్రయించవలసి వస్తున్నది. నమ్మకం లేక ఉంచిన నిఘాయే చివరకు నిలువ భాండారమయింది.

ఇక అసలు కథకు వద్దాము. బిపినచంద్రపాల్ గారు తెలుగు దేశంలో పర్యటించి వెళ్ళిన కొద్ది నెలలకే జైలుకు పోయారు. కలకత్తాలో వందేమాతరం పత్రికపై ప్రభుత్వం రాజద్రోహపు కేసు పెట్టింది. అరవిందఘోషును సంపాదకుడుగా రుజువు చేయడానికి పాల్ గారిని సాక్షిగా పిలిచింది. తోటి పత్రికా రచయితకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పడానికి ఆయన ఒప్పుకోలేదు. సాక్ష్యం నిరాకరించిన నేరానికి ఆరు నెలల జైలు. 1908 మార్చి 9న ఆయన విడుదల కాగా దేశంలో పలుచోట్ల సంబరాలు జరపాలనుకున్నారు. తమిళనాట తూత్తుకుడిలో, స్వదేశీ ఓడల కంపెనీ పెట్టి తెల్లవారి ఓడలకు పోటీగా కొలంబోకు ఓడలు నడిపిన వి. ఓ. చిదంబరం పిళ్ళైగారు అందుకు పూనుకున్నారు. మార్చి 12న ఆయననూ, సుబ్రహ్మణ్య శివగారినీ నిర్బంధించారు. మరునాడు తిరునల్వేలిలో జనం తిరగబడ్డారు, ప్రభుత్వ భవనాలు తగలబడ్డవి, పోలీసులు కాల్పులు జరిపారు, కొందరు ప్రాణాలు కోల్పోయారు.

ఆ కాల్పుల వార్త బెజవాడ చేరింది. స్వరాజ్ లో విపరీత బుద్ధి అనే శీర్షికతో వ్యాసం వెలువడింది. పరదేశ ప్రభుత్వాన్ని క్రూరమైన పులిగా సంబోధిస్తూ, అమాయకులను పొట్టను పెట్టుకున్నావని నిలదీసిన వ్యాసం అది. మాట మెత్తన లేదు, వెనుక దాపరికం లేదు.

ఇక్కడ మనం న్యాయంగా ఆలోచించాలి. అది వార్త కాదు, ఆవేశం. బెజవాడలోని చిన్న వారపత్రికకు తిరునల్వేలిలో స్వంత విలేకరి ఉండే అవకాశం లేదు. అందిన కబురు మీద కట్టిన వ్యాసమది. ఎవరు ముందు రాయి విసిరారు, ఎవరు తుపాకి పేల్చమన్నారు అనే విచారణ దానిలో చూడబోవడం దండుగ. నేటి కాలపు కొలతతో చూచేవారు దానిని పక్షపాతపు రాత అంటారు. అంటే అననివ్వండి. కాని ఎదుటి పక్షాన ఉన్నదేమిటి? ప్రభుత్వ ప్రకటన ఒకటి, దొరల యాజమాన్యంలోని ఇంగ్లీషు పత్రికలు మరొకటి. కాల్చినవాడు చెప్పిన కథ అచ్చులో నిష్పక్షపాతంగా కనబడుతుంది. చచ్చినవాడి తరఫున మాట్లాడేవాడి గొంతు వణుకుతుంది. ఇరవైనాలుగేళ్ళవాడు, బ్రతుకుదెరువు పోగొట్టుకున్నవాడు, ఆ వణుకును దాచుకోలేదు. ఆ వ్యాసం ఇంకొంచెం నిదానంగా వ్రాసి ఉంటే మంచి వ్యాసమయ్యేదని నేననుకుంటాను. అలా వ్రాసినా శిక్ష తప్పేదని మాత్రం అనుకోను.

ఎందుకంటే చట్టం అటువంటిది. శిక్షాస్మృతిలో 124-ఎ అనే సెక్షనును 1870లో చేర్చారు. సర్కారు పట్ల ద్వేషమో, ధిక్కారమో, అప్రీతియో పుట్టించేట్లు మాట్లాడినా వ్రాసినా నేరం. ఈ అప్రీతి అనేదానికి అర్థమేమిటి? 1897లో తిలక్ మహాశయుని మీద జరిగిన మొదటి రాజద్రోహపు విచారణలో న్యాయమూర్తి స్ట్రాచీ దొర, ప్రీతి లేకపోవడమే అప్రీతి అనే ధోరణిలో జ్యూరీకి బోధించాడు. అంటే ప్రజలు ప్రభుత్వాన్ని ప్రేమించి తీరాలన్నమాట! శిక్ష యావజ్జీవ ద్వీపాంతరం దాకా ఉండవచ్చు. జైలు శిక్షయితే మూడేళ్ళ వరకు.

గాడిచర్లవారినీ, బోడి నారాయణరావుగారినీ నిర్బంధించి విచారించారు. ఇద్దరికీ శిక్ష పడింది. క్రింది న్యాయస్థానం వేసిన శిక్ష నెలలలో ఉన్నది. అది చాలదని ప్రభుత్వం మదరాసు హైకోర్టుకు ఎక్కింది. హైకోర్టువారు సంపాదకుని శిక్షను మూడేళ్ళకు పెంచారు. ముద్దాయి శిక్ష తగ్గించమని పైకోర్టుకు పోవడం మామూలు. సర్కారే పెంచమని పోవడం చూడండి. జైలు శిక్షగా ఆ సెక్షను క్రింద వేయగలిగిన గరిష్ఠ పరిమితి అదే. పత్రిక వయస్సు నెలలలో ఉన్నది, శిక్ష ఏళ్ళలో పడింది. పత్రిక ఆగిపోయింది.

ఆ 1908వ సంవత్సరమే అటువంటిది. జూన్ నెలలో నేరాలకు పురికొల్పే పత్రికల అచ్చుయంత్రాలను జప్తు చేసే చట్టం వచ్చింది. చిదంబరం పిళ్ళైగారికి యావజ్జీవ శిక్ష వేశారు, తర్వాత తగ్గించారు. జూలై 22న బొంబాయిలో కేసరి వ్యాసాలకుగాను తిలక్ మహాశయునికి ఆరేళ్ళ ప్రవాస శిక్ష వేసి మాండలేకు పంపారు. జ్యూరీలో ఏడుగురు నేరమన్నారు, ఇద్దరు కాదన్నారు. తిలక్ శిక్షకు నిరసనగా బొంబాయి మిల్లు కూలీలు ఆరు రోజులు సమ్మె కట్టారు. గాడిచర్లవారి కోసం బెజవాడలో అటువంటిదేమీ జరిగినట్లు చరిత్ర చెప్పదు.

అదే ఏడాది జనవరిలో మన ఊరి వైపు ఏం జరిగిందో కూడా చెప్పుకోవాలి. జొహానెస్‌బర్గులో గాంధీగారు మొదటిసారి జైలుకు పోయింది 1908 జనవరిలోనే. ఆసియావాసులు వేలిముద్రలిచ్చి నమోదు చేసుకోవాలన్న ట్రాన్స్‌వాలు చట్టాన్ని ధిక్కరించినందుకు రెండు నెలలు వేసి, నెల తిరగకుండానే విడిచిపెట్టారు. 1903లో డర్బనులో మొదలయి, ఫీనిక్సు ఆశ్రమానికి తరలిన ఇండియన్ ఒపీనియన్ పత్రికలో ఆ పోరాటపు వార్తలు వారం వారం వచ్చేవి. ఇంగ్లీషు, గుజరాతీ, హిందీ, తమిళ భాషలతో అది ఆరంభమయింది, తెలుగు లేదు. నాటాలులో తెలుగువారు తక్కువా? కాదు. అచ్చు అక్షరాలు లేకనో, కూర్చేవారు లేకనో, చదివేవారు లేకనో, మన సంగతి మనకు మన భాషలో చెప్పే పత్రిక ఆనాడు ఇక్కడ లేకుండెను. దాని కొరత ఎంతటిదో గాడిచర్లవారి కథ చదివిననాడు తెలుస్తుంది.

శిక్ష అనుభవించింది వెల్లూరు జైలులో. రాజకీయ ఖైదీ అనే ప్రత్యేకమైన తరగతి అప్పటికి లేదు. దోపిడీదొంగలు, హంతకుల నడుమ ఆయననూ ఉంచారు. కాళ్ళకూ చేతులకూ గొలుసులు. మట్టి చట్టిలో కూడు. మలమూత్రాలకు కూడా దిక్కుమాలిన ఏర్పాటు. ఎం.ఏ. చదివి లింకను చరిత్ర వ్రాసిన చేతులకు ఇనుము తగిలించి మూడు సంవత్సరాలు. మాండలేలో తిలక్ మహాశయునికి పుస్తకాలూ కాగితాలూ ఇచ్చారు, గీతారహస్యం అక్కడ పుట్టింది. వెల్లూరులో గాడిచర్లవారికి దొరికింది గొలుసూ మట్టిచట్టీ. పేరు మోసిన ఖైదీకీ, పేరు లేని ఖైదీకీ జైలులో తేడా ఉంటుంది. దొర లండను పత్రికలకు భయపడతాడు గాని బెజవాడ పాఠకులకు భయపడడు.

1911లో శిక్ష ముగిసి విడుదలయినారు. నాకు ఆయన జీవితంలో అన్నిటికంటె బాధ కలిగించే ఘట్టం వెల్లూరు జైలు కాదు, ఆ తర్వాతి రోజులు. ఆయనకు ఇల్లిచ్చి అన్నం పెట్టడానికి జనం జంకారు. రాజద్రోహికి ఆశ్రయమిస్తే తమ కొలువులకు ముప్పు, తమ పిల్లల చదువులకు ముప్పు. స్వరాజ్ చదివి మెచ్చుకున్నవారు ఊళ్ళో లేకపోలేదు. కాని మెచ్చుకోవడం వేరు, తలుపు తీయడం వేరు. పైగా 1910లో వచ్చిన ప్రెస్ యాక్టు అందరినీ బెదరగొట్టింది. ఆ చట్టం క్రింద ముద్రాలయం పెట్టేవాడూ, పత్రిక నడిపేవాడూ వందలు వేలు ధరావతు చెల్లించాలి. రాత నచ్చకపోతే ధరావతు జప్తు. మళ్ళీ నచ్చకపోతే అచ్చుయంత్రమే జప్తు. కోర్టులో రుజువు చేయవలసిన శ్రమ కూడా లేదు. జైలులో పెడితే మనిషి పేరు పైకి వస్తుంది. డబ్బు గుంజితే పత్రిక చప్పుడు లేకుండా చస్తుంది.

జంకనివారు కొమఱ్ఱాజువారు. మదరాసులో ఆయన తలపెట్టిన ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం పనిలో గాడిచర్లవారికి చోటు దొరికింది. మల్లంపల్లి సోమశేఖరశర్మ, రాయప్రోలు సుబ్బారావు, ఆచంట లక్ష్మీపతి వంటి దొడ్డవారు చేయి వేసిన పని అది. అటు తర్వాత నాగేశ్వరరావు పంతులుగారు. ఆంధ్రపత్రిక 1914లో మదరాసుకు తరలి ఏప్రిల్ 1నుంచి దినపత్రిక అయింది. యూరపులో మహాయుద్ధం మొదలయిన తర్వాత తెలుగువారు ప్రతి దినం వార్తల కోసం ఎదురుచూడటం నేర్చుకున్నది ఆ పత్రికతోనే. ఆ ఆంధ్రపత్రికకు గాడిచర్లవారు సంపాదకత్వం వహించారు. రాజద్రోహపు శిక్ష అనుభవించిన మనిషిని ప్రెస్ యాక్టు కాలంలో తన పత్రికలో కూర్చోబెట్టుకోవడానికి యజమానికి ఎంత గుండె ఉండాలో ఊహించండి. పంతులుగారు అమృతాంజనం అమ్మి సంపాదించినది పత్రికలో పోశారని చెప్పుకుంటారు. అంతకంటె పెద్ద పెట్టుబడి ఇదని నా అభిప్రాయం. 1991లో ఆంధ్రపత్రిక మూతపడేదాకా తెలుగు పత్రికా రచయితలు ఎందరో పని నేర్చుకున్న బడి అది.

యుద్ధకాలపు వార్తలలో నిజమెంతో అబద్ధమెంతో అప్పుడు ఎవరికి తెలుసు? తంతి వార్తలన్నీ లండనుమీదుగా, సెన్సారు చేతులమీదుగా వచ్చేవి. ఓడిపోయినచోట ఓడిపోయినట్లు వ్రాయరు, గెలిచినచోట రెండింతలు వ్రాస్తారు. అచ్చులో వచ్చినదంతా నిజమని నమ్మేవాడు ఒకడు, అచ్చులో వచ్చినదంతా అబద్ధమని సంతలో విన్న వదంతి నమ్మేవాడు మరొకడు. సంపాదకుని బల్లవద్ద కూర్చున్న గాడిచర్లవారు ఆ ఇద్దరినీ ఎదుర్కొనవలసి వచ్చింది.

1916లో అనిబిసెంటమ్మగారి హోంరూలు ఉద్యమం లేచింది. గాడిచర్లవారు ఆంధ్ర ప్రాంతంలో దానికి కార్యదర్శిగా ఊరూరా తిరిగారు. బిసెంటమ్మగారి న్యూ ఇండియా పత్రికకు రెండువేల రూపాయల ధరావతు అడిగి, అది జప్తుచేసి, పదివేలు అడిగారు. ఆమె అదీ కట్టి పత్రిక నడిపారు. 1917 జూనులో ఆమెనే నిర్బంధించి ఉదకమండలంలో ఉంచారు. దేశమంతా గోల పెట్టగా సెప్టెంబరులో వదిలారు. గాడిచర్లవారు వెల్లూరునుంచి బయటికి వచ్చి అప్పటికి ఆరేళ్ళు. అంతలోనే జనం ఎంత మారారో చూడండి. 1911లో తలుపులు మూసుకున్న ఊళ్ళే హోంరూలు సభలకు పందిళ్ళు వేశాయి.

తర్వాత ఆయన మాతృసేవ మొదలైన పత్రికలు నడిపారు. సౌందర్యవల్లి అనే స్త్రీల పత్రికతోనూ ఆ ఇంటికి సంబంధముంది. ఏదీ చాలాకాలం నిలవలేదు, ఏదీ డబ్బు చేయలేదు. 1920ల చివర స్వరాజ్య పార్టీ తరఫున నంద్యాలనుంచి మదరాసు శాసనమండలి సభ్యులయ్యారు. 1928 నవంబరులో నంద్యాలలో జరిగిన ఆంధ్ర మహాసభ సందర్భంలో దత్తమండలాలు అనే అవమానకరమైన పేరు పోయి రాయలసీమ అనే పేరు వచ్చింది. నిజాము కుంఫిణీవారికి ఇచ్చేసిన జిల్లాలు గనుక దత్తమండలాలు. అంటే ఒకరు ఒకరికి దానమిచ్చిన నేల. కొత్త పేరు పెట్టిన ఘనత గాడిచర్లవారిదని కొందరూ, చిలుకూరి నారాయణరావుగారిదని కొందరూ అంటారు. ఇద్దరూ సీమకు గౌరవం తెచ్చినవారే, పంచాయితీ అక్కరలేదు.

కాని ఆయన మిగిలిన జీవితమంతా పట్టుకు వేలాడింది గ్రంథాలయాలనూ, వయోజన విద్యనూ. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం 1914లో బెజవాడలో పుట్టింది. దానికి ప్రాణం పోసినవారు అయ్యంకి వెంకటరమణయ్యగారు. ఆ సంఘానికి గాడిచర్లవారు దీర్ఘకాలం అధ్యక్షులుగా ఉన్నారు. కాలినడకన, బండిమీద, రైలులో మూడవ తరగతిలో తిరిగి పల్లెపల్లెకూ ఒక గదీ, ఒక బీరువా, నాలుగు పత్రికలూ కావాలని చెప్పేవారు. వేటపాలెం సారస్వత నికేతనం 1918లో మొదలయింది ఆ గాలిలోనే. 1935లో పాతూరి నాగభూషణంగారు కృష్ణా కాలువలలో పుస్తకాల పడవ నడిపించారు. కాలువ గట్టు ఊళ్ళవారు పడవ వచ్చిన రోజున పుస్తకాలు తీసుకుని, మళ్ళీ వచ్చిన రోజున తిరిగి ఇచ్చేవారు. చదువు రానివారికి సాయంత్రం అరుగుమీద కూర్చుని ఎవరో ఒకరు పత్రిక బిగ్గరగా చదివి వినిపించేవారు. వార్త అయిన తర్వాత అరగంట వాదన. ఇది నిజమా, ఇది ఎవరి మాట, నిన్న ఇంకోలా వ్రాశాడేం అని. గ్రంథాలయమంటే అదీ కలిసి ఉన్నదే.

మన సభలో తెలుగు లిపి చదవగలిగిన ఇళ్ళు వ్రేళ్ళ మీద లెక్కపెట్టేటట్లయినవి. కనుక ఈ వ్యాసం చదవగలిగిన పెద్దలు ఇంట్లో చిన్నవారిని కూర్చోబెట్టి, అరుగుమీద పత్రిక చదివిన పద్ధతిలో, చదివి వినిపించవలసిందని నా కోరిక. వారు నడుమ ఇంగ్లీషులో అడ్డు ప్రశ్నలు వేస్తారు. వేయనివ్వండి. సంపాదకుని జైలులో పెట్టడం ఏమిటని అడిగితే, 1977 అక్టోబరు 19వ తేదీని జ్ఞాపకం చేయండి. మన దేశంలోనే ఆనాడు ది వరల్డ్ పత్రికను నిషేధించి, సంపాదకుడు పర్సీ కొబోజాను నిర్బంధించారు. ఆ రోజుకు ఇక్కడ నల్ల బుధవారమని పేరు. అప్పటి ప్రభుత్వపు రేడియో చెప్పినది వినడానికి మన ఇళ్ళలో ఎంతమంది పెద్దలు ఇష్టపడేవారో, విన్నది ఎంతమంది నమ్మేవారో పిల్లలే అడిగి తెలుసుకుంటారు.

ఒక సంగతి కొందరు అడుగుతారు. అంత బాధ పడ్డ మనిషి తిరిగి ఘాటైన పత్రిక పెట్టి మళ్ళీ జైలుకు పోక, పుస్తకాల బీరువాల వెంట ఎందుకు పడ్డాడని. భయపడ్డాడా అని. భయపడినవాడు ఆంధ్రపత్రిక బల్లవద్ద కూర్చోడు, హోంరూలు కార్యదర్శిగా తిరగడు. 1911లో మూసిన తలుపులు ఆయన చూశారు. స్వరాజ్ వ్యాసం చదివి ఉడికినవారు చాలామంది. దానికోసం మూడేళ్ళు గొలుసులు మోసినవానికి చేయందించినవారు వేళ్ళమీద లెక్క. వ్రాసేవాడు ఎంత ధైర్యవంతుడయినా, చదివేవారి బలం లేనిదే పత్రిక నిలవదు. ఆయన ఈ మాట ఎక్కడయినా చెప్పారని కాదు, ఆయన చేసిన పనినిబట్టి నాకు తోచినది.

124-ఎ సెక్షను దొరలతోపాటు ఓడ ఎక్కలేదు. స్వతంత్ర భారతంలోనూ అది చాలాకాలం ఉన్నది; పత్రికలవారి మీదా ప్రయోగించారు. 2022 మేలో సుప్రీంకోర్టు దానిని పునఃపరిశీలన అయ్యేదాకా వాడవద్దన్నది. 2024 జూలై 1నుంచి పాత శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చింది. అందులో రాజద్రోహమనే మాట లేదు గాని, దేశ సార్వభౌమత్వానికి ముప్పు తెచ్చే చేతలూ రాతలూ అనే మరొక సెక్షను ఉన్నది. అది పాతదానికి పేరు మార్పేనా, వేరా అన్నది న్యాయవాదులు వాదించుకుంటున్నారు.

గాడిచర్లవారు కడపటి రోజులదాకా గ్రంథాలయ సభలకు తిరుగుతూనే ఉన్నారు. 1960 ఫిబ్రవరి 29వ తేదీన పరమపదించారు. లీపు సంవత్సరపు తేదీ గనుక ఆయన వర్ధంతి నాలుగేళ్ళకొకసారి గాని రాదు. ఊరూరా గ్రంథాలయాలకు పన్నులోనుంచి డబ్బు కేటాయించే ఆంధ్రప్రదేశ్ గ్రంథాలయాల చట్టం ఆ యేడే వచ్చింది.